లైకు కొట్టాను గాని, చదవలేదు!

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



మధ్యాహ్నం భోజనాలయ్యాయి, గిన్నెలు సర్దుకున్నాం, పిల్లలు బడినుంచి రావడానికి ఇంకా గంటన్నర వ్యవధి ఉంది. ఆ గంటన్నరా మనది. ఒకప్పుడు ఆ వేళకు మన చేతిలో వారపత్రిక ఉండేది. ఇప్పుడు సెల్‌ఫోను ఉంటోంది. అందులో వంటలు, చీరలు, భక్తి, బంధువుల ఇంటి పెళ్లి ఫోటోలు, వీటన్నిటి మధ్యా ఒక రచయిత్రి! "నా కొత్త నవల వచ్చింది, వెల ఇంత, ఈ నంబరుకు డబ్బు పంపితే ఇంటికే వస్తుంది" అని తనే రాసుకుంటుంది. మర్నాడు పుస్తకం చేతపట్టుకుని ఫోటో పెడుతుంది. ఆ మర్నాడు ఎవరో మెచ్చుకున్న మాటలు అతికిస్తుంది.

మొన్నొకనాడు యాకుత్‌పురాలో మా ఇంటి వాకిట్లో కూచుని ఇలాటిదే ఒకటి చూస్తూంటే, మా అత్తగారు తొంగిచూసి, "ఇదేమిటే, తన డప్పు తనే కొట్టుకుంటోంది! మా రోజుల్లో రాసేవాళ్లు ఇలా ఉన్నారా?" అన్నారు. ఆ మాటకు జవాబు వెదుక్కుంటూ వెళ్తే చివరికి నా తప్పు నాకే కనబడింది. అదేమిటో మీతో చెప్పుకుందామనే ఈవేళ ఇలా వచ్చాను.

అత్తగారన్నది నిజమే. ఆ రోజుల్లో రచయిత్రి తన డప్పు తను కొట్టుకోలేదు. ఎందుకని? కొట్టిపెట్టడానికి పత్రిక ఉండేది కనుక. యద్దనపూడి సులోచనారాణిగారి ‘సెక్రటరీ’ 1960లలో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. మా అమ్మ చెబుతూండేది, ఆ రోజుల్లో ఒక పత్రిక కొంటే నాలుగిళ్లు తిరిగి వచ్చేదట. సీరియల్ పేజీలు చింపి దాచి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసి పుస్తకం చేసుకునేవారట. కొనలేనివాళ్లకు వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండనే ఉండేది. రచయిత్రి ఎలా ఉంటుందో, ఏ ఊళ్లో ఉంటుందో చాలామందికి తెలియదు. ఏదైనా చెప్పాలనిపిస్తే ఒక కార్డు ముక్క మీద రాసి సంపాదకుడి పేర పంపాలి. ఎన్నో వారాలకు ఆ ఉత్తరం అచ్చులో కనబడితే అదే పండుగ. మాలతీ చందూర్‌గారు ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షిక దశాబ్దాల తరబడి నడిపారు. వంట దగ్గర్నుంచి సంసారంలో చిక్కుల దాకా ఆడవాళ్లు అడిగితే జవాబు చెప్పేవారు. రాసే మనిషికీ చదివే మనిషికీ నడుమ పత్రిక అనే మధ్యవర్తి ఉండేదన్నమాట. పెళ్లిళ్ల పేరయ్య లాగా ఇటు కబురు అటు, అటు కబురు ఇటు చేరవేసేది.

ఆ పేరయ్యలు ఒక్కొక్కరే తెరమరుగవుతున్నారు. కోవిడ్ వచ్చిన 2020లో ‘నవ్య’ వారపత్రిక ఆగింది. నెలకొక నవల చొప్పున ఇచ్చిన ‘చతుర’, దానికి తోడబుట్టిన కథల పత్రిక ‘విపుల’ రెండూ 1978లో మొదలై 2021లో ఆగిపోయాయి. అద్దె పుస్తకాల షాపులు మన పిల్లలకు కథలో మాటే. మా యాకుత్‌పురా సంగతే చూడండి. తెలుగు నవల కావాలంటే స్టేషనుకు వెళ్లి లోకల్ రైలెక్కాలి, డబీర్‌పురా, మలక్‌పేట దాటాలి, కాచిగూడలో దిగి పుస్తకాల షాపు వెదుక్కోవాలి. లేదంటే డిసెంబరు దాకా ఆగి, ఇందిరాపార్కు దగ్గర ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తకాల పండుగకు పోవాలి. ఇంటి పని వదిలి నవల కోసం రైలెక్కే గృహిణులు మనలో ఎందరు?

ఇక రాసేవాళ్ల లెక్క చూద్దాం. ఈరోజుల్లో చాలామంది తెలుగు రచయితలు తమ పుస్తకాన్ని తమ డబ్బుతోనే అచ్చువేసుకుంటారు. అచ్చయ్యేది ఐదువందల ప్రతులు, మహా అయితే వెయ్యి. షాపులో పెడితే వంద రూపాయల పుస్తకం మీద ముప్పై నలభై రూపాయలు అమ్మేవారికి పోతాయి. మిగిలింది ఎప్పుడో నెమ్మదిగా వస్తుంది. కనక ఫేస్‌బుక్కులోనో వాట్సాప్‌లోనో చెప్పుకుని, పాఠకురాలికి నేరుగా పంపితే, అచ్చు ఖర్చయినా చేతికొస్తుందని ఆశ. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నోరు విప్పకపోతే పుస్తకం వచ్చిందన్న సంగతే ఎవరికీ తెలియదు.

ఇది మరీ కొత్త పనీ కాదు. మన జంటనగరాల్లోనే వట్టికోట ఆళ్వారుస్వామిగారని ఒక మహానుభావుడుండేవారు. ఒకప్పుడు వంటపనీ, హోటలు పనీ చేసి పొట్టపోసుకున్న మనిషి. నిజాం కాలంలో, 1938లో, సికింద్రాబాదులో ‘దేశోద్ధారక గ్రంథమాల’ అని స్థాపించి తెలుగు పుస్తకాలు అచ్చువేశారు. అచ్చువేసి ఇంట్లో కూర్చోలేదు. పుస్తకాల సంచీ భుజాన వేసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. ఆ తరవాత ‘ప్రజల మనిషి’ నవల రాసింది కూడా ఆయనే. ఆయన్ను ఎవరూ డప్పు కొట్టుకున్నాడనలేదు, సాహిత్యసేవ చేశాడన్నారు. ఆనాడు భుజాన సంచీ, ఈనాడు చేతిలో ఫోను. పనిలో తేడా ఏముంది చెప్పండి?

ఫోనువల్ల జరిగిన మంచికి మన హైదరాబాదులోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. 2012లో కవి యాకూబ్‌గారు ఫేస్‌బుక్కులో ‘కవిసంగమం’ అని ఒక గుంపు మొదలుపెట్టారు. ఎక్కడెక్కడి వాళ్లో, ఏ పత్రికా అచ్చువేయనివాళ్లూ తమ కవితలు అందులో పెట్టారు. చదివినవాళ్లు బాగుందనీ, ఇక్కడ కుంటుపడిందనీ అక్కడే చెప్పారు. దాని విశేషం ఏమిటంటే, వాళ్లు ఫోనుతో సరిపెట్టుకోలేదు. బంజారాహిల్స్‌లోని లామకాన్‌లోనూ, నాంపల్లి స్టేషను రోడ్డులోని గోల్డెన్ త్రెషోల్డ్‌లోనూ సభలు పెట్టి, పెద్ద కవులనూ కొత్తవాళ్లనూ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి చదివించారు. గోల్డెన్ త్రెషోల్డ్ అంటే సరోజినీనాయుడుగారి పుట్టిల్లు. 1905లో అచ్చయిన ఆమె తొలి కవితల పుస్తకం పేరే ఆ ఇంటి పేరు. ఫోనులో పరిచయమై, అలాటి ఇంట్లో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కవిత్వం వినడం, అదీ అసలు స్నేహమంటే.

మనబోటి గృహిణులకు దగ్గరైనది ఇంకొకటుంది. 2014లో బెంగుళూరులో ‘ప్రతిలిపి’ అని ఒకటి మొదలైంది. ఫోనులోనే కథలు రాయొచ్చు, చదవొచ్చు. తెలుగుతో సహా మన దేశభాషలెన్నో ఉన్నాయి అందులో. పిల్లల్ని నిద్రపుచ్చాక, పొయ్యి మీద పప్పు ఉడికేలోపల, వారానికొక భాగం చొప్పున సీరియల్ రాస్తున్న ఇల్లాళ్లు ఇందులో ఎందరో ఉన్నారు. సంపాదకుడు తిప్పిపంపుతాడన్న భయం లేదు.

పైదేశాల్లో అయితే పాఠకురాలే పుస్తకాన్ని నిలబెట్టిన సందర్భాలున్నాయి. అమెరికాలో కొలీన్ హూవర్ అనే రచయిత్రి, భర్త చేతి దెబ్బలు తిన్న ఒక స్త్రీ కథను ‘ఇట్ ఎండ్స్ విత్ అజ్’ పేరుతో 2016లో నవలగా ప్రచురించింది. ఐదేళ్లు గడిచాయి. 2021లో ఆడపిల్లలు ఆ నవల చదివి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ టిక్‌టాక్‌లో చెప్పుకుంటే, ఆ పాత పుస్తకం కొత్తదానికన్నా ఎక్కువగా అమ్ముడుపోయి పట్టికలకెక్కింది. మన దేశంలో టిక్‌టాక్‌ను 2020 జూన్‌లోనే నిషేధించారు, ఇక్కడ ఆ ముచ్చట్లు ఇన్‌స్టాగ్రామ్‌లో సాగుతున్నాయి. ఆ పిల్లలు చదివారు, చదివి చెప్పారు. నేను చేయనిది ఆ పనే. ఇక ఆ సంగతికి వస్తున్నాను.

మా వీధిలో ఒక చెల్లెలుంది. పేరెందుకు లెండి. ఆమె నాలుగైదేళ్లుగా ఫోనులో కథలు రాస్తోంది. కిందటేడు చీటీ పాడి, ఆ డబ్బులో నలభైవేలు పెట్టి పన్నెండు కథలు పుస్తకంగా వేయించుకుంది. ఐదువందల ప్రతులు. బంగారం కొనుక్కోవలసిన డబ్బు కాగితాల మీద పోస్తావా అని ఇంట్లోవాళ్లు నాలుగు మాటలన్నారు కూడా. పుస్తకం రాగానే ఫేస్‌బుక్కులో ఫోటో పెట్టింది. ఆరువందల పైచిలుకు లైకులొచ్చాయి. నేనూ లైకు కొట్టాను. అంతటితో ఊరుకున్నానా? "అద్భుతం చెల్లీ, మన వీధికే గర్వకారణం" అని రాసి, కింద మూడు దండాలు కూడా పెట్టాను. ఆ తరవాత పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచాను. పుస్తకం సంగతి మరిచాను.

శ్రావణ శుక్రవారం పేరంటానికి వాళ్లింటికి వెళ్లాను. పసుపు రాసి, బొట్టు పెట్టి, తాంబూలం ఇచ్చింది. వక్క జారి మంచం కిందకు దొర్లితే తీద్దామని వంగాను కదా, మంచం కింద వరసగా కట్టలు! విప్పను కూడా విప్పని పుస్తకాల కట్టలు. ఆమె నా చూపు గమనించింది. "ముప్పై ఏడు పోయాయక్కా" అంది. తరవాత ఆశగా, "మీకు ఏ కథ నచ్చింది?" అని అడిగింది.

"అన్నీ బాగున్నాయమ్మా" అన్నాను.

ఆ పిల్ల ఏమీ అనలేదు. శనగల పొట్లం నా చేతిలో పెట్టి నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు. కొనని పుస్తకాన్ని, చదవని కథల్ని అద్భుతమన్నాను. అందరి ఎదుటా అబద్ధమాడాను. ఆరువందల మందిలో నాలాటివాళ్లు ఎందరో!

మర్నాడు వెళ్లి నూటయాభై ఇచ్చి పుస్తకం తెచ్చుకున్నాను. నాలుగు మధ్యాహ్నాలు చదివాను. ఐదోనాడు వెళ్లి చెప్పాను. "మూడో కథలో కుట్టుమిషను అమ్ముకునే ఘట్టం చదివి నాకు అన్నం సహించలేదు. ఏడో కథలో మాత్రం అత్తగారిని మరీ రాక్షసిని చేశావు. అటువంటి మనిషిని నేనెక్కడా చూడలేదు. చివర కూడా తొందరపడ్డావు" అన్నాను. కోపం వస్తుందేమో అనుకున్నాను. ఆమె లోపలికెళ్లి పెన్సిలు తెచ్చుకుని తన ప్రతిలో గుర్తుపెట్టుకుంది. "ఆరువందల మంది బాగుందన్నారు. మూడో కథ, ఏడో కథ అని లెక్కపెట్టి చెప్పింది మీరొక్కరే అక్కా" అంది.

ఈ ముచ్చట పక్కింటి ఆపాతో చెబితే ఆమె ఒక మంచి మాట చెప్పింది. ఆపాకు షాయరీ అంటే ప్రాణం. రాత్రిపూట ఫోనులో ముషాయిరాలు వింటుంది. ముషాయిరాలో వాహ్వా అనడానికి ఏముంది, పక్కవాడు అంటే మనమూ అనేయవచ్చు, ‘ముకర్రర్’ అనాలంటే మాత్రం విని ఉండాలి అంది. ముకర్రర్ అంటే, ఆ చరణం మళ్లీ చదవండి అని కోరడం. ఏ చరణం మళ్లీ కావాలో విన్నవాడికే తెలుస్తుంది. మన లైకు ఆ వాహ్వాలాంటిది. రాసేవాళ్లు ఎదురుచూసేది ముకర్రర్ కోసం.

అయితే, సోదరీమణులారా, ఈ ఫోను స్నేహంలో ముళ్లు కూడా ఉన్నాయి. తమిళనాడులో పెరుమాళ్ మురుగన్ అనే పేరున్న రచయిత ఉన్నారు. ఆయన నవల ఒకదాని మీద 2014 చివర పెద్ద అలజడి రేగింది. మనసు విరిగి, 2015 జనవరిలో, తనలోని రచయిత చనిపోయాడని ఆయనే ఫేస్‌బుక్కులో ప్రకటించి కలం పక్కనపెట్టారు. 2016 జూలైలో మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పాకగాని మళ్లీ పాఠకుల ముందుకు రాలేదు. అంతటి రచయితకే అలా అయితే, కొత్తగా రాసే ఇల్లాలి సంగతేమిటి? కథలో నాయిక భర్తను ఎదిరిస్తే, "మీ ఇంట్లోనూ ఇంతేనా?" అని ఎవడో పదిమంది ముందూ అడుగుతాడు. అర్ధరాత్రి అభిమానినంటూ ఇన్‌బాక్స్‌లో పలకరింపులొస్తాయి. వాటికి జవాబివ్వకపోవడం అమర్యాద కాదు. ఇంటి చిరునామా, పిల్లల ఫోటోలు, బడి పేరు బయట పెట్టకండి. హద్దుమీరితే ఆ సందేశాలు చెరిపేయకుండా దాచి, ఇంట్లో చెప్పండి. మన నగరంలో ఆడవారి రక్షణకు 2014 నుంచి షీ టీమ్స్ ఉన్నాయి. రచయిత పేరుతోనే దొంగ ఖాతా తెరిచి డబ్బు అడిగేవాళ్లూ ఉన్నారు. పుస్తకానికి డబ్బు పంపేముందు నంబరు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. మోసపోయామని తెలిస్తే వెంటనే 1930కి ఫోను చేయాలి.

మనం తెలియక చేసే తప్పు మరొకటుంది. వాట్సాప్ గుంపులో ఎవరో ఒక నవలను పీడీఎఫ్‌గా పంపుతారు. మనం సంతోషించి పదిమందికి పంపుతాం. ప్రసాదం పంచినట్టు పంచుతాం! 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచన మీద హక్కు రచయిత జీవితకాలమూ, ఆ తరవాత అరవై ఏళ్లూ వారిదీ, వారి వారసులదీ. యద్దనపూడిగారు 2018లో పోయారు. అంటే ఆమె నవలల మీద హక్కు 2078 దాకా ఉంటుందన్నమాట. పక్కింటి పెరట్లో కాసిన బీరకాయ అడక్కుండా కోసుకురాము కదా. మరి ఆ చెల్లెలు చీటీ డబ్బు పోసి వేయించుకున్న పుస్తకం ఊరికే ఎలా పంచిపెడతాం?

రాసే సోదరీమణులకు కూడా ఒక మనవి. పుస్తకం వచ్చిందని చెప్పండి, ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, ఒక పేజీ చదివి వినిపించండి. తప్పులేదు. అయితే లైకులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే రెండో పుస్తకం రాసేది ఎప్పుడు? నిన్న నూరు వచ్చాయి, ఇవాళ నలభయ్యే అని అన్నం మానేసిన వాళ్లున్నారు. చుట్టాలందరి ఫోనుల్లోనూ రోజూ అదే ఫోటో పెడితే వాళ్లు తప్పించుకు తిరుగుతారు కూడా. చదివిన నలుగురు దొరికితే వాళ్లను నిలుపుకోండి. తప్పు చెప్పిన మనిషిని ముందు నిలుపుకోండి.

ఇక చదివే మనం చేయగలిగిందేమిటి? నెల సరుకుల చీటీలో చింతపండు, కందిపప్పు కింద రెండు మూడు నెలలకొకసారి ఒక పుస్తకం అని రాసుకుందాం. నాకైతే బ్లౌజు కుట్టుకూలికన్నా తక్కువే అయింది. కొన్నది చదువుదాం. చదివాక ఫలానా కథ, ఫలానా మనిషి, ఫలానా చోట నచ్చింది, ఇక్కడ నచ్చలేదు అని రెండు వాక్యాలు రాద్దాం. ఫోనులో రాస్తే సరే, లేదా అర్ధరూపాయి కార్డు ఉండనే ఉంది. ఇంకా చదవకపోతే, "శుభాకాంక్షలు, చదివి చెబుతాను" అందాం. అందులో అబద్ధం లేదు. చెప్పిన మాట నిలబెట్టుకుంటే చాలు.

మా వీధిలో ఇప్పుడు అయిదుగురం శనివారం మధ్యాహ్నం మేడమీద చేరుతున్నాం. ఒకరు చదువుతారు, మిగతావాళ్లు బియ్యం ఏరుతూనో, పూలు కడుతూనో వింటారు. ఆపాకు తెలుగు చదవడం రాదు. మూడో కథ దక్కనీలో చెప్పించుకుని, "ముకర్రర్" అంది! ఆ చెల్లెలి ముఖం మీరు చూసి ఉండవలసింది. మంచం కింద కట్టలింకా ఉన్నాయి, కాదనను. రెండు కట్టలు మాత్రం తగ్గాయి. ఏడో కథలో అత్తగారిని మార్చి రాస్తోందట.

మా అత్తగారికీ పుస్తకం ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని మూడురోజులు చదివారు. "డప్పు బాగానే మోగింది గాని, ఆ ఏడో కథలో అత్తగారు..." అని మొదలుపెట్టారు. ఆవిడే వెళ్లి చెప్పారు. నేను చెప్పమనలేదు సుమండీ!

మరి మీ చేతిలో ఫోనుంది. మీరు అద్భుతమన్న ఆఖరి పుస్తకం ఏది? అందులో ఏ కథ నచ్చింది? ఒక్కసారి మనసులో జవాబు చెప్పుకోండి.